మేనేజరు సరే, లెక్క అడిగేదెవరు?

అమెరికా నగరాల్లో నూరేళ్లకు పైగా తెగని పేచీ ఒకటుంది. ఊరి డబ్బు ఖర్చుపెట్టే పెత్తనం ప్రజలు ఎన్నుకున్న మేయరుకు ఉండాలా, కౌన్సిల్ జీతమిచ్చి పెట్టుకున్న సిటీ మేనేజరుకు ఉండాలా అన్నది. మన దగ్గర మున్సిపల్ కమిషనరును రాష్ట్ర ప్రభుత్వమే పంపుతుంది, బదిలీ కూడా అదే చేస్తుంది కనుక ఈ ప్రశ్న మన కౌన్సిళ్ల దాకా రాదు. అయితే టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఆ మూడూ మేనేజరు పద్ధతిలో నడిచే ఊళ్లే. అక్కడ ఇంటిపన్ను కట్టే మనవాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. అందుకే ఈ వాదాన్ని ఇద్దరి నోట పెట్టి రాస్తున్నాను. బాబాయి ఆంధ్రలో స్థానిక నిధుల ఆడిట్‌లో పనిచేసి రిటైరైన మనిషి. అమ్మాయి టెక్సస్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు కొనుక్కుని, పౌరసత్వం ఇంకా చేతికి రాక ఓటు లేకుండా ఉన్న మనిషి. నా మొగ్గు బాబాయి వైపేనని ముందే చెబుతున్నాను. కానీ అమ్మాయి అభ్యంతరాలకు జవాబు చెప్పకుండా ఆ వైపు నిలబడటం కుదరదు. ఆమె నిలదీసినందువల్లే ఆయన తన వాదాన్ని చాలాచోట్ల దిద్దుకోవాల్సి వచ్చింది.

అమ్మాయి: బాబాయ్, మేనేజరు పద్ధతి మంచిదనేవాళ్లు ముందు బెల్ సంగతికి జవాబు చెప్పి తర్వాత మిగతాది మాట్లాడాలి. లాస్ ఏంజెలెస్ పక్కన రెండున్నర చదరపు మైళ్ల ఊరు అది. అప్పట్లో జనాభా 35 వేల పైచిలుకు. నూటికి తొంభై మందికి పైగా లాటినోలు, ఎక్కువమంది రెక్కల కష్టం మీద బతికేవాళ్లు. 1993లో రాబర్ట్ రిజ్జో అనే ఆయన్ను 72 వేల డాలర్లకు మేనేజరుగా పెట్టుకున్నారు. 2010 జూలైలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకరులు బయటపెట్టేనాటికి ఆయన జీతం 7,87,637 డాలర్లు. అమెరికా అధ్యక్షుడి జీతం 4 లక్షలు మాత్రమే. సెలవుల డబ్బు, ఇతర భత్యాలు కలుపుకుంటే ఏడాదికి 15 లక్షల దాకా పోతోందని తర్వాత తేలింది. అసిస్టెంటు మేనేజరుకు 3,76,288. పోలీసు చీఫ్‌కు 4,57,000. అడపాదడపా సమావేశమయ్యే ఐదుగురు కౌన్సిలర్లలో నలుగురికి దాదాపు లక్ష చొప్పున. ఇదంతా ఎవరి డబ్బు? ఆ పేదల ఊళ్లో ఆస్తిపన్ను రేటు అప్పట్లో సంపన్నుల బెవర్లీ హిల్స్ కన్నా ఎక్కువ. ఒక్కరూ ఓటేసి ఎన్నుకోని మనిషి చేతికి బీరువా తాళాలిస్తే ఇదే జరుగుతుంది. మేయరైతే నాలుగేళ్లకోసారైనా జనం గుమ్మాల ముందుకు రాక తప్పదు. మేనేజరుకు ఆ భయం ఎక్కడిది?

బాబాయి: నువ్వు చెప్పిన అంకెలన్నీ నిజమే తల్లీ. అయితే ఆడిట్‌లో మేం పోయిన మొత్తం కన్నా ముందు, డబ్బు ఏ దారిన పోయిందో చూస్తాం. బెల్‌లో ఆ దారి చూడు. రిజ్జో కాంట్రాక్టులో ఏటా జూలై రాగానే 12 శాతం పెంపు దానంతటదే పడేలా రాసి ఉంది. జీతమంతా ఒక్క కాగితం మీద కనపడకుండా వేర్వేరు కాంట్రాక్టుల్లోకి విడగొట్టారు. అడిగే కౌన్సిల్ ఉంటే ఇది ఒక్క ఏడాది కూడా సాగేది కాదు. మరి కౌన్సిల్ ఎందుకు అడగలేదు? కౌన్సిలర్ల జీతాలు కూడా అలాంటి దొడ్డిదారినే వస్తున్నాయి. చెత్త నిర్వహణకో బోర్డు, మిగులు ఆస్తులకో బోర్డు అని పేర్లు పెట్టి, ఒక్క నిమిషం కూడా జరగని సమావేశాలకు జీతాలు తీసుకున్నారు. అప్పటి రాష్ట్ర చట్టం ప్రకారం ఆపాటి ఊరి కౌన్సిలరుకు ఏడాదికి దక్కేది కొన్ని వేల డాలర్లే. ఆ పరిమితి తప్పించుకోవడానికి 2005లో ఊరికి సొంత చార్టర్, అంటే సొంత పాలనా నియమావళి, కావాలంటూ ప్రత్యేక ఎన్నిక పెట్టారు. జీతాల మాట బ్యాలెట్ మీద ఎక్కడా లేదు. అందులో ఓటేసినవాళ్లు 400 మంది కూడా లేరు. నువ్వు మందు అంటున్న ఎన్నికే అక్కడ దోపిడీకి తలుపు తీసింది. 2013లో కోర్టు దోషులుగా తేల్చిన ఐదుగురు మాజీ కౌన్సిలర్లూ జనం ఎన్నుకున్నవాళ్లే. రిజ్జోకు 2014లో 12 ఏళ్ల శిక్ష పడింది. మేనేజరు ఒక్కడే దొంగ అయితే కౌన్సిల్ అతణ్ని ఒక్క సాయంత్రంలో మెజారిటీ ఓటుతో ఇంటికి పంపగలదు. ఆ పద్ధతిలో ఉన్న బలమే అది. కౌన్సిల్ కూడా అదే పళ్లెంలో తింటుంటే ఏ పద్ధతీ కాపాడదు.

అమ్మాయి: కౌన్సిల్ చెడిపోయింది కనుక మేనేజరు పద్ధతి తప్పు లేదంటే నేను ఒప్పుకోను. కౌన్సిల్‌ను నిద్రపుచ్చే గుణం ఆ పద్ధతిలోనే ఉంది. పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు కౌన్సిల్‌కు వచ్చే మనుషులు ఒక పక్క. జీవితమంతా అదే పనిలో ఉన్న నిపుణుడు ఇంకో పక్క. బడ్జెట్ రాసేది ఆయన, వివరించేది ఆయన, అడిగిన ప్రశ్నకు లెక్కలు తెచ్చేదీ ఆయన సిబ్బందే. వందల పేజీల పుస్తకం ముందు పెడితే ఏ కౌన్సిలరు ఎన్ని పేజీలు తిప్పగలడు? పైగా ఈ పద్ధతి పుట్టుకే నాకు నచ్చదు. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ మొదట ఒక జనరల్ మేనేజరును పెట్టుకుంది, నిజమే. దేశమంతా పేరు మోగింది మాత్రం ఒహాయోలోని డేటన్ వల్ల. అక్కడ ఉద్యమం నడిపింది నగదు లెక్కపెట్టే యంత్రాల కంపెనీ యజమాని జాన్ ప్యాటర్సన్. ఊరిని కంపెనీలాగా నడపాలన్నది వాళ్ల కోరిక. కంపెనీలో వాటా ఉన్నవాడికే మాట. కొత్త చార్టర్‌లో వార్డులు తీసేసి, కౌన్సిలర్లందర్నీ ఊరంతా కలిసి ఎన్నుకునేలా మార్చారు. 1917లో అక్కడ సోషలిస్టులకు నూటికి నలభైకి పైగా ఓట్లు వచ్చినా కౌన్సిల్‌లో ఒక్క సీటూ దక్కలేదు. కార్మికుల పేటలకు గొంతు పోయింది. దాన్ని సామర్థ్యం అని పిలిచారు.

బాబాయి: ఇందులో నేను ఒప్పుకోవాల్సింది చాలా ఉంది. వార్డులు ఎత్తేయడం అన్యాయమే. కానీ వార్డులు ఎత్తేయడం, మేనేజరును పెట్టుకోవడం ఒకే పెట్టెలో వచ్చినా అవి రెండు వేర్వేరు వస్తువులు. శాన్ ఆంటోనియో 1977లో పది డివిజన్లు చేసుకుంది. డాలస్ 1991 నుంచి పద్నాలుగు డివిజన్ల నుంచి కౌన్సిలర్లను పంపుకుంటోంది. రెండు చోట్లా మేనేజరు అలాగే ఉన్నాడు. పేటలకు గొంతు తిరిగి వచ్చింది, రోడ్డు టెండరు మాత్రం కౌన్సిలరు గుప్పిట్లోకి పోలేదు. ఇక డేటన్ చార్టర్‌కు ఆ ఊపు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా గుర్తుచేసుకో. 1913 మార్చిలో మయామీ నది ఊరిని ముంచేసింది. ఆ నది లోయంతటా కలిపి మూడువందల అరవై మందికి పైగా చనిపోయారు. వార్డుల వారీగా బేరాలాడుకునే పాత యంత్రాంగంతో ఊరిని మళ్లీ నిలబెట్టలేమని జనం గట్టిగా నమ్మారు. 1914 జనవరిలో హెన్రీ వెయిట్ అనే ఇంజనీరు మొదటి మేనేజరుగా పనిలోకి దిగాడు. ప్యాటర్సన్ స్వార్థం ఎంతైనా ఉండనీ, మంచినీటి గొట్టాలు ఎవరు వేయాలన్న ప్రశ్నకు గొట్టాలు తెలిసినవాడు వేయాలన్న జవాబు ఆయన సొత్తు కాదు.

అసలు నన్ను ఒప్పించిన ఊరు కాన్సస్ సిటీ. 1925లో మేనేజరు చార్టర్ తెచ్చుకున్నారు. రూపం నిక్షేపంగా ఉంది. కానీ ఊరిని నడిపేది టామ్ పెండర్‌గాస్ట్ అనే రాజకీయ పెత్తందారు. కౌన్సిల్‌లో మెజారిటీ ఆయనది, మేనేజరుగా వచ్చిన హెన్రీ మెకెల్‌రాయ్ కూడా ఆయన మనిషే. తనది పల్లెటూరి పద్దు పద్ధతి అని మెకెల్‌రాయ్ చెప్పుకునేవాడు. పదమూడేళ్లు అలా సాగాక, 1939లో పెండర్‌గాస్ట్ ఆదాయపు పన్ను ఎగవేత కేసులో ఇరుక్కున్నప్పుడు మెకెల్‌రాయ్ రాజీనామా చేశాడు. పుస్తకాలు విప్పి చూస్తే దాదాపు 2 కోట్ల డాలర్ల లోటు దాగి ఉంది. ఆ తర్వాత జనం కొత్త కౌన్సిల్‌ను ఎన్నుకున్నారు. ఆ కౌన్సిల్ 1940లో కుకింగ్‌హామ్ అనే మేనేజరును బయటి ఊరి నుంచి తెచ్చుకుంది. ఆయన 1959 దాకా పనిచేసి, వృత్తిలో ఆదర్శంగా చెప్పుకునే పేరు సంపాదించాడు. ఊరు అదే, పద్ధతి అదే. మారింది కౌన్సిల్, మేనేజరును ఎంచుకున్న తీరు. అందుకే నేను అనేది, మేనేజరు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న రెండోది. అతణ్ని ఎవరు ఎంచుకున్నారు, ఎంత బాహాటంగా ఎంచుకున్నారు, ఎంచుకున్నాక లెక్క అడిగారా లేదా అన్నది మొదటిది.

అమ్మాయి: కాన్సస్ సిటీ వదలండి. శాన్ డియేగో చూడండి. దొంగతనం కూడా లేకుండానే అక్కడ ఖజానా గుల్లయింది. 1996లో ఒకసారి, 2002లో మరోసారి, పెన్షన్ నిధికి కట్టాల్సిన దానికన్నా తక్కువ కట్టడానికి, అదే ఒప్పందంలో పెన్షన్లు పెంచడానికి ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఏడాదికి బడ్జెట్ బాగా కనపడింది. బిల్లు తర్వాతి తరానికి పోయింది. బాండ్లు కొన్న మదుపర్లకు ఈ విషయం సరిగా చెప్పలేదని 2006లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ఆ నగరాన్ని తప్పుపట్టింది. 2004 నవంబరులోనే ఓటర్లు మేనేజరు పద్ధతి వద్దనుకుని, 2006 నుంచి మేయరుకు పెత్తనం ఇచ్చారు. అనుభవించినవాళ్లే ఆ తీర్పు ఇచ్చారు.

బాబాయి: ఆ తీర్పు తర్వాత ఏమైందో కూడా చూడాలి కదమ్మా. మేయరు పెత్తనం వచ్చిన పదేళ్లకు శాన్ డియేగో తన ఉద్యోగుల కోసం యాష్ స్ట్రీట్‌లో 101 నంబరు భవనాన్ని లీజు మీద కొనే ఒప్పందం చేసుకుంది. భవనం పరిస్థితి ఏమిటో తన తరఫున ఎవరిచేతా విడిగా పరీక్ష చేయించుకోలేదు. లోపల ఆస్బెస్టాస్ బయటపడింది. అద్దె నడుస్తూనే ఉంది, భవనం ఖాళీగా పడి ఉంది. ఆఖరికి 2022లో రాజీ చేసుకుని 8 కోట్ల 60 లక్షల డాలర్లు పెట్టి అదే భవనాన్ని కొనుక్కున్నారు. పెన్షన్ ఒప్పందానికి చెయ్యెత్తిందీ కౌన్సిలే, భవనం ఒప్పందానికి చెయ్యెత్తిందీ కౌన్సిలే. మొదటిసారి మేనేజరు కాగితం పెట్టాడు, రెండోసారి మేయరు కార్యాలయం పెట్టింది. ఈ అంకెలు నిజమేనా అని తమ సొంత మనిషి చేత ఎవరూ పరీక్ష చేయించలేదు. నువ్వు ఇందాక అన్న నిద్ర ఇదే. అది మేనేజరుతో పుట్టేదైతే మేనేజరు పోగానే పోవాలి. పోలేదు.

మన దగ్గర సంగతి ఇంకా లోతైనది. కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, అమలు చేయాల్సిన కమిషనరు ఉద్యోగం మాత్రం సచివాలయం చేతిలో ఉంటుంది. తాను పెట్టుకోని అధికారిని లెక్క అడిగే అలవాటు ఏ కౌన్సిల్‌కు వస్తుంది? విశాఖపట్నంలో 2012 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు. ప్రత్యేకాధికారుల పాలనే. ఊరు నడిచింది, పన్నులు వసూలయ్యాయి, పనులూ జరిగాయి. తొమ్మిదేళ్లు ఏ వార్డు మనిషికీ ఆ పద్దుల మీద నోరెత్తే స్థానం లేకపోయింది. పట్టణాలకు ఎన్నికైన కౌన్సిళ్లను తప్పనిసరి చేసిన 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి 2021 నాటికి రెండు దశాబ్దాలు దాటింది. అందుకే అమెరికా కౌన్సిల్‌కు మేనేజరును నియమించే, తీసేసే హక్కు ఉండటం నాకు చాలా పెద్ద విషయంగా కనపడుతుంది. ఉన్న హక్కును వాడుకోని కౌన్సిల్‌ను చూస్తే ఎక్కువ బాధ కూడా అందుకే.

అమ్మాయి: సరే, హక్కు ఉంది. ఎలా వాడాలి? శాన్ ఆంటోనియో జనం ఒక దారి చూపించారు. 2018లో అక్కడ మేనేజరు జీతం 4,75,000 డాలర్లు. నగరంలో అతి తక్కువ జీతగాడికి పది రెట్లు మించకూడదని, ఎనిమిదేళ్లు మించి ఉండకూడదని ఓటర్లు చార్టర్ మార్చారు. నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది. చెత్త ఎత్తేవాడి జీతం పెరిగితేనే పైవాడి జీతం పెరుగుతుంది.

బాబాయి: ఆ భావంలో న్యాయం ఉంది. కానీ 2024 నవంబరులో అదే ఊరి ఓటర్లు ఆ పరిమితిని తీసేశారు. ఎందుకో ఆలోచించు. పధ్నాలుగు లక్షలకు పైగా జనం ఉన్న నగరం అది. మూడు రేటింగ్ సంస్థల నుంచీ కొన్నేళ్లు అత్యున్నతమైన ట్రిపుల్ ఏ రేటింగ్ నిలబెట్టుకున్న ఊరు. ఆ రేటింగ్ ఉంటే బాండ్ల మీద వడ్డీ తగ్గుతుంది. వడ్డీలో తగ్గేదానితో పోలిస్తే జీతం చిన్న మొత్తం. నా దృష్టిలో జీతం ఎంత అన్నది ఊరు తన శక్తిని బట్టి తేల్చుకోవాల్సిన మాట, దానికి అన్ని ఊళ్లకూ ఒకే సూత్రం పెట్టలేం. శాన్ ఆంటోనియోలో 4,75,000 అన్న అంకె ప్రతి ఇంటికీ తెలుసు, దాని మీద ఊరంతా వాదించుకుంది, ఓటేసింది, మనసు మార్చుకుంది. బెల్‌లో 7,87,637 అన్న అంకె పత్రిక అచ్చువేసేదాకా ఊరికి తెలియదు. ఆ రెండు ఊళ్లకూ మధ్య ఉన్న అసలు దూరం అదే.

కాబట్టి మేనేజరును పెట్టుకునే రోజు కౌన్సిల్ చేసే పనే నాకు అన్నిటికన్నా ముఖ్యం. కాంట్రాక్టు ఒక్కటే ఉండాలి. మూలవేతనం, కారు భత్యం, వాడుకోని సెలవులకు ఇచ్చే డబ్బు, పెన్షన్ వాటా, తీసేస్తే ఇవ్వాల్సిన పరిహారం అన్నీ కలిపి ఏడాదికి ఊరికి ఎంత పడుతుందో ఒకే అంకెగా చెప్పాలి. మన కౌన్సిళ్లలో టేబుల్ అజెండా అంటాం చూడు, అప్పటికప్పుడు సభలో కాగితం పెట్టి చదవకుండానే ఆమోదింపజేసుకోవడం, దానికి ఇందులో చోటు ఉండకూడదు. బెల్ తర్వాత కాలిఫోర్నియా సరిగ్గా ఇదే నేర్చుకుంది. 2011 చట్టంతో, ఉన్నతాధికారుల జీతాల సంగతి ప్రత్యేక సమావేశాల్లో తేల్చడానికి వీల్లేదని, జీవన వ్యయాన్ని మించిన పెంపు దానంతటదే పడేలా కాంట్రాక్టు రాయకూడదని కట్టడి చేశారు. 2016లో ఇంకో మెట్టు ఎక్కారు. ఓటుకు ముందు ఆ జీతభత్యాల సారాంశాన్ని సభలో నోటితో చదివి వినిపించాలి. ఎంత చిన్న నియమం! పైకి చదవాల్సి వస్తే సిగ్గుపడే అంకెను కాగితం మీద కూడా రాయరు.

అమ్మాయి: తీసేస్తే పరిహారం ఇవ్వడం మాత్రం నాకు మింగుడు పడదు. పని చేతకాదని పంపేసినవాడికి ఆరు నెలల జీతం ఎందుకు?

బాబాయి: కౌన్సిల్‌కు చేదు మాట చెప్పే ధైర్యానికి అది ధర. ఏ సాయంత్రమైనా మెజారిటీ ఓటుతో ఇంటికి పోవాల్సిన మనిషి, ఈ స్టేడియం కట్టే శక్తి ఊరికి లేదని మేయరు మొహం మీద చెప్పాలంటే, మర్నాడు ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న నమ్మకం ఉండాలి. దానికి హద్దు పెట్టండి, నేరం రుజువైతే వెనక్కి తీసుకోండి. అసలే లేకుండా చేస్తే తలూపేవాళ్లే మిగులుతారు. ఇక నువ్వు మొదట అడిగిన పెద్ద ప్రశ్న, చదవలేనంత బడ్జెట్ ముందు కూర్చున్న కౌన్సిలరు సంగతి. దానికి జవాబు ఆడిటర్. మేనేజరు కింద పనిచేసే ఆడిటర్ మేనేజరు తప్పు పట్టలేడు, నా ఉద్యోగమంతా చూసిన సత్యం అది. డాలస్‌లో సిటీ ఆడిటర్‌ను కౌన్సిలే నేరుగా నియమించుకుంటుంది. ప్రతి ఊరూ అలా చేసుకోవాలి. ఖర్చుపెట్టే పని మేనేజరుకు అప్పగించవచ్చు. ఖర్చు సంగతి తెలుసుకునే బాధ్యత ఎవరికీ అప్పగించడానికి లేదు.

అమ్మాయి: మీరు చెప్పినవన్నీ కౌన్సిల్ చేసినా, కౌన్సిల్‌ను చూసేవాళ్లు ఉండాలిగా బాబాయ్. బెల్‌లో 400 మంది కూడా ఓటెయ్యకపోవడానికి బద్ధకమొక్కటే కారణం కాదు. ఊళ్లో చాలామందికి పౌరసత్వమే లేదు. పన్ను కట్టారు, అద్దె కట్టారు, ఓటు లేదు. ఇవాళ మా ఊళ్లో నా స్థితీ అదే, మా వీధిలో సగం తెలుగు ఇళ్ల స్థితీ అదే. ఓటు లేనివాడికి మేయరైతేనేం, మేనేజరైతేనేం?

బాబాయి: ఈ ప్రశ్న దగ్గర నేను మేనేజరు పద్ధతి గొప్పతనం ఏమీ చెప్పను. కానీ బెల్ కథ చివర కూడా చూడు. పత్రికలో వార్త వచ్చాక కౌన్సిల్ హాలు నింపింది ఆ ఊరి జనమే. ఇక చాలు అనే అర్థం వచ్చే బాస్తా అన్న స్పానిష్ మాటనే తమ సంఘానికి పేరుగా పెట్టుకున్నారు. వాళ్లలో ఓటున్నవాళ్లూ ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు. 2011 మార్చిలో ఆ కౌన్సిల్‌ను ఓటుతో దించేశారు. ఆ తర్వాత బెల్ మేనేజరు పద్ధతిని వదులుకోలేదు. కొత్త కౌన్సిల్ కొత్త మేనేజరును పెట్టుకుంది. మీ టెక్సస్‌లో 2019 చట్టం ప్రకారం, అజెండాలో ఉన్న ఏ అంశం మీదనైనా మాట్లాడాలనుకున్నవాళ్లందరికీ కౌన్సిల్ అవకాశం ఇవ్వాలి. ఆ చట్టం ఓటు ఉందా అని అడగదు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. బడ్జెట్ మీద బహిరంగ విచారణ ఆలోపే జరుగుతుంది. ఈసారి నువ్వు, మీ వీధిలో ఆ సగం ఇళ్లవాళ్లు ఆ సాయంత్రం హాలుకు వెళ్లండి, మేనేజరు మొత్తం జీతభత్యాలు ఎంత, ఆడిటర్‌ను ఎవరు నియమించారు అన్న రెండు ప్రశ్నలు మైకులో అడగండి.